కొలెస్ట్రాల్ మీద జన్యువుల సాక్ష్యం

పరగడుపున రక్తమిచ్చి సాయంత్రానికి తెచ్చుకునే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టులో నాలుగైదు అంకెలుంటాయి. మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు. వీటిలో ఎల్‌డీఎల్ చెడ్డదనీ, హెచ్‌డీఎల్ మంచిదనీ ఇప్పుడు డాక్టరు దాకా వెళ్లకుండానే ఇంట్లో వాళ్లే చెప్పేస్తున్నారు. ఆ తీర్పులు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిలో ఏది నిలబడిందో, ఏది వీగిపోయిందో మాత్రం చాలామందికి తెలియదు. గత ఇరవై పాతికేళ్లలో ఈ తీర్పులన్నిటినీ మళ్లీ విచారణకు పెట్టింది జన్యుశాస్త్రం. ఆ విచారణలో తేలినవి మన మందుల్నీ, మన భయాల్నీ, మన కుటుంబాలు చేయించుకోవలసిన పరీక్షల్నీ నేరుగా తాకుతాయి. అందుకే ఈ సమీక్ష.

అసలు చిక్కు ఇదీ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన అధ్యయనం 5,209 మందిని దశాబ్దాల తరబడి గమనించింది. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు గుండెపోట్లు ఎక్కువ వస్తున్నాయని తేల్చింది. హెచ్‌డీఎల్ ఎక్కువున్నవాళ్లకు తక్కువ వస్తున్నాయనీ ఆ తర్వాత చెప్పింది. కానీ రెండు సంగతులు జంటగా కనబడినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని తెచ్చిందని అనలేం. సిగరెట్లు తాగేవారికి హెచ్‌డీఎల్ తగ్గుతుంది. పొట్ట పెరిగి, షుగరు వచ్చినవారికి ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. వాళ్లకు గుండెపోటు వస్తే నేరం పొగదా, షుగరుదా, కొవ్వుదా? మనుషుల్ని ఎంతకాలం గమనించినా ఈ ముడి పూర్తిగా విడదు. విప్పింది జన్యువులే.

మొదటి ఆధారాలు కొన్ని కుటుంబాల్లో దొరికాయి. నార్వే వైద్యుడు కార్ల్ మ్యూలర్ 1938లో ఒక విషయం గమనించి రాశాడు. కొన్ని వంశాల్లో మూడు లక్షణాలు కలిసి వస్తున్నాయి: రక్తంలో విపరీతమైన కొలెస్ట్రాల్, చిన్న వయసులోనే గుండెనొప్పి, మడమ వెనకాల, వేళ్ల కణుపుల మీద పసుపుపచ్చ గడ్డలు. 1960లలో లెబనాన్‌లో అవెడిస్ ఖచదూరియన్ ఇలాంటి కుటుంబాలనే పరిశీలించి ఇది వంశంలో ఎలా దిగుతుందో స్పష్టంగా చూపించాడు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క లోపమే వచ్చినవారికి నలభైల్లో, యాభైల్లో గుండెజబ్బు వస్తోంది. ఇద్దరి నుంచీ వచ్చిన పిల్లలకు పదేళ్లు నిండేసరికే మోకాళ్ల మీద, మోచేతుల మీద, వేళ్ల సందుల్లో ఆ పసుపు గడ్డలు తేలుతున్నాయి. వైద్యం అందకపోతే వాళ్లలో చాలామంది ఇరవై ఏళ్లు రాకుండానే పోతున్నారు. ఆ పిల్లలు సిగరెట్లు తాగలేదు. వాళ్లకు బీపీ లేదు, షుగరు లేదు. వాళ్లలో ఉన్న తేడా అల్లా కొలెస్ట్రాలే.

డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఇలాంటి పిల్లల చర్మం నుంచి చిన్న ముక్క తీసి ఆ కణాల్ని ప్రయోగశాలలో పెంచారు. మామూలు మనిషి కణాలకు ఎల్‌డీఎల్ అందిస్తే అవి దాన్ని లోపలికి లాక్కుని, సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకోవడం ఆపేస్తాయి. ఈ పిల్లల కణాలు ఆపలేదు. చుట్టూ ఎల్‌డీఎల్ ఎంత ఉన్నా అది లేనట్టే కొలెస్ట్రాల్‌ను తయారుచేసుకుంటూ పోయాయి. కారణం వెతికితే, ఎల్‌డీఎల్‌ను పట్టుకోవాల్సిన గ్రాహకం వాటి మీద లేదని తేలింది. ఇది 1973, 74 నాటి మాట. ఆ గ్రాహకాలు ఎక్కువగా ఉండేది కాలేయంలో. అవి లేకపోతే ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ధమనుల గోడల్లోకి చేరుతుంది. ఈ పరిశోధనకు ఇద్దరికీ 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

సరిగ్గా అవే రోజుల్లో జపాన్‌లో అకిరా ఎండో సుమారు ఆరు వేల రకాల బూజుల్ని, శిలీంధ్రాల్ని జల్లెడ పట్టి, బియ్యం మీద పెరిగిన ఒక నీలి బూజులో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థాన్ని కనిపెట్టాడు. స్టాటిన్ మందుల వంశానికి మూలపురుషుడు అదే. కాలేయం సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోలేకపోతే రక్తంలోంచి లాక్కోవడానికి గ్రాహకాల్ని పెంచుకుంటుంది. డాలస్‌లో దొరికిన గ్రాహకం, జపాన్ బూజులో దొరికిన మందు ఒకే కథలో రెండు సగాలన్నమాట. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండెరోగుల మీద జరిగిన పరీక్షలో సిమ్వాస్టాటిన్ వేసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. అప్పటిదాకా సందేహిస్తూ వచ్చిన వైద్యుల్లో ఎక్కువమంది దానితో ఒప్పుకున్నారు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. అరుదైన జబ్బున్న కుటుంబాల సంగతి సరే, మామూలుగా 110, 140 మధ్య ఎల్‌డీఎల్‌తో తిరిగే మనలాంటివాళ్ల మాటేమిటి? ఇక్కడ ఉపయోగపడిన ఉపాయాన్ని 1986లో డచ్చి శాస్త్రవేత్త మార్టిన్ కాటన్ ఒక చిన్న ఉత్తరంలో సూచించాడు. కొలెస్ట్రాల్ తక్కువైతే క్యాన్సర్ వస్తుందన్న అనుమానం అప్పట్లో ఉండేది. క్యాన్సరే కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తోందేమో అన్నది దానికి ఎదురు అనుమానం. పుట్టుకతోనే కొలెస్ట్రాల్ తక్కువగా ఉంచే జన్యురూపం ఉన్నవాళ్లలో క్యాన్సర్ ఎక్కువుందో లేదో చూడండి, తేలిపోతుంది అన్నాడతను. 2003లో బ్రిటన్‌లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. తల్లి దగ్గరున్న రెండు ప్రతుల్లో ఏది బిడ్డకు వస్తుందో, తండ్రి దగ్గరున్న రెండింట్లో ఏది వస్తుందో చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది. ఆ చీటీకి బిడ్డ రేపు సిగరెట్ తాగుతాడో లేదో తెలియదు, ఏం తింటాడో తెలియదు, డబ్బున్న ఇంట్లో పెరుగుతాడో లేదో తెలియదు. కాబట్టి ఎల్‌డీఎల్‌ను మాత్రమే కాస్త పెంచే జన్యురూపం వచ్చినవాళ్లను, రానివాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, అది పుట్టుకనాడే మొదలైన మందుల పరీక్షతో సమానం. ఆ జన్యురూపం వేరే దారిలో కూడా జబ్బును ప్రభావితం చేస్తుంటే మాత్రం లెక్క తప్పుతుంది. అందుకే ఒక్క జన్యువు మాటను ఎవరూ నమ్మరు, పదుల కొద్దీ జన్యువులు ఒకే మాట చెబుతున్నాయా అని చూస్తారు.

ఎల్‌డీఎల్ విషయంలో అవన్నీ ఒకే మాట చెప్పాయి. వాటిలో నన్ను అన్నిటికన్నా కదిలించేది పీసీఎస్‌కే9 కథ.

2003లో పారిస్‌లో కాథరీన్ బొయ్‌లో బృందం, మాంట్రియల్‌లోని నబీల్ సైదాతో కలిసి, కొన్ని ఫ్రెంచి కుటుంబాల్లో అధిక కొలెస్ట్రాల్‌కు కొత్త జన్యువొకటి కారణమని చూపించింది. అదే పీసీఎస్‌కే9. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీను కాలేయం మీది ఎల్‌డీఎల్ గ్రాహకాల్ని నాశనం చేస్తుంది. ఆ ఫ్రెంచి కుటుంబాల్లో అది మరీ చురుగ్గా పనిచేస్తోంది, గ్రాహకాలు మిగలడం లేదు. డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ ఈ వార్త విని తలకిందులుగా ఆలోచించారు. ఈ జన్యువు అతిగా పనిచేస్తే కొలెస్ట్రాల్ పెరుగుతున్నప్పుడు, అసలు పనిచేయనివాళ్లు కూడా ఎక్కడో ఉండాలి కదా? తమ నగరంలో వేలమంది రక్తం అప్పటికే పరీక్షించి ఉంచారు. అందులో ఎల్‌డీఎల్ అతి తక్కువగా ఉన్నవాళ్లను ఏరి చూశారు. దొరికారు. నల్లజాతి అమెరికన్లలో దాదాపు నూటికి ఇద్దరి దగ్గర ఈ జన్యువు ఒక ప్రతి చెడిపోయి ఉంది.

2006లో వాళ్లు ప్రచురించిన లెక్క వైద్యలోకాన్ని ఆశ్చర్యపరిచింది. పదిహేనేళ్లు గమనించిన పాత అధ్యయనమొకదాన్ని తీసుకుని, అందులోని నల్లజాతివారిలో ఈ చెడిన ప్రతి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పోలిక వేశారు. చెడిన ప్రతి ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ. గుండెజబ్బు 88 శాతం తక్కువ! వాళ్లలో బీపీ, సిగరెట్లు, షుగరు మిగతావాళ్లతో పాటే ఉన్నాయి. చెడిన ప్రతి ఉన్నవాళ్లు 85 మందే, వాళ్లలో గుండెజబ్బు వచ్చింది ఒక్కరికే. అంత చిన్న గుంపు మీద కట్టిన 88 అనే అంకెను పట్టుకుని వేలాడకూడదు. అయితే అదే అధ్యయనంలోని తెల్లజాతివారిలో మరో తేలికపాటి రూపం కనిపించింది. వాళ్లకు ఎల్‌డీఎల్ 15 శాతం తక్కువ, జబ్బు 47 శాతం తక్కువ. అంకె మారినా దారి అదే.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. స్టాటిన్ మాత్రతో ఎల్‌డీఎల్ దాదాపు అంతే తగ్గించినా గుండెపోట్లు నాలుగోవంతో, మూడోవంతో తగ్గుతాయి. పుట్టుకతో అదే తగ్గుదల వచ్చినవాళ్లకు రక్షణ అంతకంటే చాలా ఎక్కువ ఎందుకు? జవాబు కాలంలో ఉంది. మాత్ర మొదలయ్యేది యాభైలోనో అరవైలోనో, అప్పటికే ధమనుల గోడల్లో పూడిక పేరుకున్నాక. జన్యువు పని మొదలుపెట్టేది మొదటి రోజునే. బ్రయన్ ఫెరెన్స్ బృందం 2012లో ఆరు జన్యువుల్లోని తొమ్మిది రూపాల్ని కలిపి లెక్కగట్టింది. ఎల్‌డీఎల్ జీవితమంతా సుమారు 39 మిల్లీగ్రాములు తక్కువగా ఉంటే గుండెజబ్బు ముప్పు సగానికి పైగా తగ్గుతోంది. నడివయసు దాటాక మందుతో అంతే తగ్గిస్తే పెద్ద పరీక్షలన్నీ కలిపి చూసినా తగ్గేది 22 శాతమే. అంటే లెక్కలోకి రావలసింది ఈ రోజు రిపోర్టులోని అంకె ఒక్కటే కాదు, ఆ అంకె ఎన్నేళ్లుగా ఉందన్నది కూడా. ఈ మొత్తం పరిశోధనలో మన ఇళ్లకు అన్నిటికంటే అవసరమైన సంగతి ఇదేనని నా అభిప్రాయం. ముప్పై ఏళ్ల వయసులో ఎల్‌డీఎల్ 170 వస్తే ‘ఇంకా కుర్రాడే కదా’ అని రిపోర్టు పక్కన పెట్టేయడం మనకు అలవాటు. లెక్క ప్రకారం అతనికే ఎక్కువ ఏళ్లు ఆ భారం మోయాల్సి ఉంది.

ఈ కథకు మందుల రూపంలో కొనసాగింపు కూడా ఉంది. పీసీఎస్‌కే9 ప్రొటీనును పట్టి ఆపే ఇంజెక్షన్లు 2015లో అమెరికాలో అనుమతి పొందాయి. జన్యువును కనిపెట్టాక పన్నెండేళ్లలో మందు రావడం అరుదైన విషయం. ఆరునెలలకోసారి ఇచ్చే ఇంక్లిసిరాన్ ఆ తర్వాత వచ్చింది. 2017లో 27,564 మంది మీద జరిగిన పరీక్షలో మొదట అనుమతి పొందిన ఆ ఇంజెక్షన్లలో ఒకటి ఎల్‌డీఎల్‌ను 59 శాతం తగ్గించింది, గుండెకు సంబంధించిన ఘటనల్ని 15 శాతం తగ్గించింది. రెండేళ్ల పైచిలుకు గమనించిన పరీక్షలో అంతకు మించి ఆశించలేమని పై లెక్క తెలిసినవాళ్లకు అర్థమవుతుంది.

ఇక హెచ్‌డీఎల్. ఇక్కడ జన్యువులు ఎదురు సాక్ష్యం చెప్పాయి.

ఇటలీలో గార్దా సరస్సు ఒడ్డున లిమోనె అనే చిన్న ఊరుంది. ఆ ఊరి నుంచి మిలాన్ వెళ్లి స్థిరపడ్డ ఒక వ్యక్తిని 1970లలో వైద్యులు పరీక్షిస్తే హెచ్‌డీఎల్ దారుణంగా తక్కువుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. ధమనులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. శాస్త్రవేత్తలు ఊరికి వెళ్లి అందరి రక్తం తీశారు. చర్చి దస్తావేజులు తిరగేసి చూస్తే, దీనికి కారణమైన జన్యుమార్పు ఉన్న ఊరివాళ్లందరూ పద్ధెనిమిదో శతాబ్దపు ఒకే జంటకు వారసులని తేలింది. హెచ్‌డీఎల్ అంత తక్కువున్నా వాళ్లకు గుండెజబ్బు ఎక్కువ రాలేదు. ‘మంచి కొలెస్ట్రాల్ తగ్గితే ముప్పు’ అన్న సూత్రానికి ఇది ఎదురుదెబ్బ.

తర్వాత పెద్ద లెక్కలు వచ్చాయి. హెచ్‌డీఎల్‌ను మాత్రమే అయిదారు మిల్లీగ్రాములు పెంచే ఒక జన్యురూపాన్ని లక్షమందికి పైగా మనుషుల్లో పరిశీలించి 2012లో ఫలితం ప్రకటించారు. పాత సూత్రం నిజమైతే ఆ రూపమున్నవాళ్లకు గుండెపోటు ముప్పు 13 శాతం తగ్గాలి. ఏమీ తగ్గలేదు. 2016లో మరో విచిత్రం బయటపడింది. ఒక జన్యువు చెడితే హెచ్‌డీఎల్ బాగా పెరుగుతోంది, జబ్బు ముప్పు కూడా పెరుగుతోంది. హెచ్‌డీఎల్ అంకె ఎంత ఉందన్నదాని కంటే అది రక్తంలో సరిగ్గా పనిచేస్తోందా అన్నదే ముఖ్యమని అప్పటినుంచి శాస్త్రవేత్తలు అంటున్నారు.

ఈ సాక్ష్యం ముందే చేతికొచ్చి ఉంటే ఎంత నష్టం తప్పేదో. హెచ్‌డీఎల్‌ను పెంచే టోర్సెట్రాపిబ్ అనే మందును 15 వేల మంది మీద పరీక్షించారు. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది. మరణాలు కూడా పెరిగాయి. 2006 డిసెంబరులో పరీక్షను అర్ధంతరంగా ఆపేశారు. అదే కోవలోని మరో రెండు మందులు ఆ తర్వాత ప్రయోజనం లేక మూలపడ్డాయి. నాలుగోది 2017లో కాస్త మేలు చూపించింది, అదీ ఎల్‌డీఎల్‌ను తగ్గించినందువల్లే.

మన దేశానికి ఇది పట్టించుకోదగ్గ సంగతి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా జరిపిన సర్వేలో మూడింట రెండు వంతుల మంది పెద్దవాళ్లకు హెచ్‌డీఎల్ తక్కువుందని తేలింది. ‘మంచి కొలెస్ట్రాల్ తక్కువుందట, ఏం తింటే పెరుగుతుంది?’ అని అడగని రోగి ఉండడు. జన్యువుల సాక్ష్యం ప్రకారం ఆ అంకెను పెంచే ప్రయత్నం దండగ. హెచ్‌డీఎల్ తక్కువుండడం ఎక్కువసార్లు పొట్ట చుట్టూ కొవ్వుకో, పొగకో, షుగరుకో, కదలని బతుకుకో గుర్తు. చూసుకోవలసింది వాటిని. రిపోర్టులో హెచ్‌డీఎల్ బాగుందని ఎల్‌డీఎల్‌ను వదిలేయడం అంతకంటే పెద్ద పొరపాటు.

ట్రైగ్లిజరైడ్ల మీద తీర్పు ఇంత సూటిగా రాలేదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ ప్రాంతంలో ఆమిష్ మతస్తులు బయటివాళ్లను పెళ్లాడకుండా కొన్ని తరాలుగా ఉంటున్నారు. వాళ్లలో నూటికి అయిదుగురికి అపోసీ3 అనే జన్యువు ఒక ప్రతి పనిచేయడం లేదని 2008లో బయటపడింది. కొవ్వు బాగా ఉన్న పానీయం తాగించినా వాళ్ల ట్రైగ్లిజరైడ్లు పెద్దగా పెరగలేదు. 2014లో విస్తృతంగా చూసినప్పుడు ఇలాంటి మార్పులున్నవాళ్లకు ట్రైగ్లిజరైడ్లు 39 శాతం, గుండెజబ్బు ముప్పు 40 శాతం తక్కువగా ఉన్నాయి.

రెండు ప్రతులూ పనిచేయని మనిషి దొరికితే ఇంకా తేటగా తెలుస్తుంది. అలాంటివాళ్లు పాకిస్తాన్‌లో దొరికారు. అక్కడ దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి, ఒకే చెడిన ప్రతి తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. డానిష్ సలీం బృందం 10,503 మంది జన్యువుల్ని చదివి 2017లో ప్రకటించిన ఫలితాల్లో ఒక మత్స్యకార కుటుంబం ఉంది. భార్యాభర్తలిద్దరూ దగ్గరి బంధువులు. ఇద్దరిలోనూ అపోసీ3 రెండు ప్రతులూ పనిచేయవు. అందువల్ల వాళ్ల తొమ్మిదిమంది పిల్లలూ అంతే. ఆ కుటుంబంలో కొందరికి కొవ్వు నిండిన ఆహారం పెట్టి గంట గంటకూ రక్తం తీశారు. మామూలు మనుషుల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పైకి లేచాయి, వీళ్ల రక్తంలో దాదాపు కదల్లేదు. వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు. ఆ జన్యువును అణిచే మందులు తయారుచేసేవాళ్లకు అంతకంటే భరోసా ఏముంటుంది?

మేనరికాలు, మేనమామ-మేనకోడళ్ల పెళ్లిళ్లు మన తెలుగునాట ఇంకా ఉన్నాయి. వాటివల్ల పిల్లలకు వచ్చే జబ్బుల గురించే ఎప్పుడూ వింటాం, అది నిజం కూడా. అధిక కొలెస్ట్రాల్ లోపం రెండువైపుల నుంచీ వచ్చే పిల్లలు ఇలాంటి పెళ్లిళ్లలోనే ఎక్కువ. కానీ ప్రపంచానికి మందుల దారి చూపే మేలైన మార్పు కూడా ఇలాంటి కుటుంబాల్లోనే దాగి ఉండవచ్చు.

అయితే ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తే చాలని దీనర్థం కాదు. షుగరున్న పదివేల మందికి పైగా రోగులకు పెమాఫైబ్రేట్ ఇచ్చి చూసిన పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 26 శాతం తగ్గాయి. గుండెపోట్లు తగ్గలేదు. ఈ వైరుధ్యానికి జవాబు అపోబీ అనే ప్రొటీనులో ఉంది. ధమని గోడలో ఇరుక్కునే ప్రతి కొవ్వు రేణువు మీదా ఒక్కొక్క అపోబీ ఉంటుంది, అది ఎల్‌డీఎల్ కానివ్వండి, ట్రైగ్లిజరైడ్లు మోసేది కానివ్వండి. ఆ మందు రేణువుల్లోని సరుకును తగ్గించింది గానీ రేణువుల సంఖ్యను తగ్గించలేదు. ట్రైగ్లిజరైడ్ల జన్యువులూ ఎల్‌డీఎల్ జన్యువులూ అపోబీని ఎంత తగ్గిస్తే అంత మేరకే రక్షణ ఇస్తున్నాయని ఫెరెన్స్ 2019లో మరో లెక్కలో చూపించాడు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండి ఎల్‌డీఎల్ మాత్రం సాధారణంగా కనబడే మనవాళ్లకు అపోబీ పరీక్ష అసలు సంగతి చెబుతుంది.

మామూలు లిపిడ్ ప్రొఫైల్లో కనిపించని రేణువు మరొకటుంది: లైపోప్రోటీన్-ఏ. 1963లో ఓస్లోలో కోరె బెర్గ్ దీన్ని కనిపెట్టాడు. దీని స్థాయి దాదాపు పూర్తిగా ఒక్క జన్యువు చేతిలోనే ఉంది. తిండి మార్చినా, నడిచినా, స్టాటిన్ వేసుకున్నా తగ్గదు. ప్రపంచంలో అయిదుగురిలో ఒకరికి ఇది 50 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. తెల్లవాళ్ల కంటే దక్షిణాసియావాసుల్లో సగటున ఎక్కువ. గుండెపోటుకు ఇది నిజమైన కారణమేనని 2009లో వచ్చిన రెండు జన్యు అధ్యయనాలు నిలబెట్టాయి. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే సరిపోయే పరీక్ష ఇది. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంట్లో ఇది చేయించకపోవడానికి నాకు ఏ కారణమూ కనబడదు. నేరుగా దీన్ని తగ్గించే మందులు పెద్ద పరీక్షల దశలో ఉన్నాయి. ఈలోగా ఇది ఎక్కువున్నవాళ్లు ఎల్‌డీఎల్‌ను, బీపీని మరింత గట్టిగా అదుపులో పెట్టుకోవాలి.

ఇప్పటిదాకా చెప్పినవి ఒక్కొక్క జన్యువు కథలు. మనలో ఎక్కువమందికి కొలెస్ట్రాల్ వచ్చేది ఇలా ఒక్క పెద్ద మార్పు వల్ల కాదు, వందలాది చిన్న చిన్న మార్పుల మొత్తం వల్ల. 2010లో లక్షమంది మీద వెతికితే కొవ్వుల్ని ప్రభావితం చేసే 95 స్థానాలు దొరికాయి. 2021లో పదహారున్నర లక్షల మందిని కలిపి చూస్తే అవి 941 అయ్యాయి. కొన్ని స్థానాల కథ వినసొంపుగా ఉంటుంది. ఒకటో క్రోమోజోమ్‌లో ప్రొటీను సూచన ఏదీ లేని చోట ఒక్క అక్షరం మారితే, పక్కనున్న సార్టిలిన్ జన్యువు కాలేయంలో ఎక్కువగా పనిచేసి ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుందని 2010లో కిరణ్ ముసునూరు బృందం చూపించింది. మరోవైపు, 2007లో మూడు బృందాలు వేర్వేరుగా కనిపెట్టిన తొమ్మిదో క్రోమోజోమ్ స్థానం గుండెజబ్బు ముప్పును స్పష్టంగా పెంచుతుంది గానీ కొలెస్ట్రాల్‌తో దానికి సంబంధమే లేదు. ధమని గోడలోనే ఏదో మారుస్తుంది. గుండెజబ్బుకు దారులన్నీ కొవ్వు మీదుగానే పోవని అది గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఈ చిన్న మార్పులన్నిటినీ కూడి ఒక మనిషికి ఒక మార్కు ఇచ్చే పద్ధతి వచ్చింది. 2018లో అమిత్ ఖేరా బృందం చేసిన లెక్కలో నూటికి ఎనిమిది మందికి ముప్పు మూడు రెట్లుంది. కానీ ఆ లెక్కకు ఆధారం ఎక్కువగా ఐరోపా సంతతివాళ్ల రక్తమే. దాన్ని తెచ్చి మనవాళ్ల మీద పెడితే అంచనా మసకబారుతుంది. దక్షిణాసియావాళ్లకు తగినట్టు దాన్ని సరిదిద్దే పని మొదలైంది గానీ చాలా దూరం వెళ్లాలి. ఈలోగా ప్రకటనలు చూసి ఇలాంటి మార్కు కోసం వేలకు వేలు ఖర్చుపెట్టమని నేనైతే ఎవరికీ చెప్పను.

మనవాళ్ల సంగతి తొందరగా తేలాల్సిందే. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ప్రతి మరణానికీ కారణం ఆరా తీశారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. ఇది నగరాల జబ్బు, డబ్బున్నవాళ్ల జబ్బు అన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకు దాదాపు 59కి. ‘మన జన్యువులే అంత’ అని సరిపెట్టుకోవడానికి ఆ అధ్యయనం ఒప్పుకోదు. పొగ, అపోబీ ఎక్కువ కావడం, షుగరు, బీపీ, పొట్ట వంటి మామూలు కారణాలే మనకు ముందుగా వచ్చి పడుతున్నాయని, ఆ ఆరేళ్ల తేడాలో ఎక్కువ భాగానికి అదే సమాధానమని అది చూపించింది. జన్యువుల ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లలో కూడా పొగ మానేసి, బరువు అదుపులో ఉంచుకుని, వ్యాయామం చేస్తూ, మంచి తిండి తినేవారికి ఆ ముప్పు దాదాపు సగం తగ్గిందని ఖేరా బృందమే 2016లో చెప్పింది.

మన జన్యువుల్లో ప్రత్యేకంగా వెతకాల్సింది మాత్రం ఉంది. కులం లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల మనలో చాలా సమూహాలు తరతరాలుగా కొద్దిమంది పూర్వీకుల వారసత్వాన్నే తిప్పుకుంటున్నాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ఈ విషయాన్ని వివరంగా చూపించాయి. ఉదాహరణకు, అలా దిగిన ఒక లోపం వల్ల మన ప్రాంతపు వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌కు ముందిచ్చే ఒక కండరాల సడలింపు మందు ఒంట్లో త్వరగా విరగదు. మత్తు డాక్టర్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్లలో, కెనడాలోని ఫ్రెంచి సంతతివారిలో వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ ఇలాగే పేరుకుంది. మన సమూహాల్లో ఎక్కడెక్కడ అలా ఉందో వెతకాలి. పదివేల మంది భారతీయుల జన్యువుల్ని చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 నుంచి పరిశోధకులకు అందుబాటులో ఉంది కాబట్టి ఇప్పుడు ఆ పని సాధ్యమే.

జన్యువునే సరిచేసే వైద్యం గురించి కూడా ఒక మాట. 2022 జులైలో న్యూజిలాండ్‌లో మొదటిసారి ఒక రోగి కాలేయంలోని పీసీఎస్‌కే9 జన్యువును ఒకే ఒక్క సెలైన్‌తో మార్చారు. ఒక్కసారి చేస్తే జీవితాంతం పనిచేయాలన్నది ఆశ. దీర్ఘకాలంలో ఏ హానీ లేదని తేలేదాకా మామూలు మనుషుల దగ్గరికి అది రాకూడదు. ఈలోగా మన చేతిలో ఉన్న చవక పని మనం చేయడం లేదు.

వంశపారంపర్య అధిక కొలెస్ట్రాల్ సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. ఎల్‌డీఎల్ 190 దాటితే దాన్ని అనుమానించాలి. ఒకరికి ఉందని తేలితే, తోబుట్టువుల్లో, పిల్లల్లో ప్రతి ఒక్కరికీ అది ఉండే అవకాశం సగానికి సగం. నెదర్లాండ్స్‌లో 1994 నుంచి ఇలాంటి రోగి దొరికితే ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇంటికి వెళ్లి, వంశవృక్షం గీసుకుని, చుట్టాలందరికీ పరీక్షలు చేశారు. వేలమందిని గుండెపోటు రాకముందే పట్టుకున్నారు. మనకు జన్యుపరీక్ష కూడా అక్కర్లేదు, కొన్ని వందల రూపాయల లిపిడ్ ప్రొఫైల్ చాలు. పదేళ్ల పిల్లల్లో కూడా తేడా తెలిసిపోతుంది, ఆ వయసు నుంచే స్టాటిన్ ఇవ్వవచ్చని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నలభై రెండేళ్ల మనిషికి స్టెంటు వేస్తాం. ఆ ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది, అది గొప్ప విషయమే. డిశ్చార్జి కాగితంలో రోగి వేసుకోవాల్సిన మాత్రలన్నీ వరసగా ఉంటాయి. అతని తమ్ముడి గురించి, చెల్లెలి గురించి, ఇంటర్ చదివే కూతురి గురించి అందులో ఏమీ ఉండదు. మందుల జాబితా కిందే ఒక వరుస చేర్చాలి: ‘రక్తసంబంధీకులందరికీ లిపిడ్ ప్రొఫైల్, ఒకసారి లైపోప్రోటీన్-ఏ చేయించి, రిపోర్టులు తర్వాతిసారి వచ్చేటప్పుడు వెంట తేవలెను.’ ఆ రిపోర్టుల ఖర్చు కూడా ఆరోగ్యశ్రీలోనే పడాలి.